కూరగాయ మందుకు తోడు, మందుకు బదులు కాదు

ఇంట్లో ఒకరికి పెద్ద జబ్బు అని తేలిందంటే ముందుగా మారేది వంటగది. రిపోర్టు చేతికొచ్చిన రెండు మూడు రోజులకే సలహాలు మొదలవుతాయి. ‘మాంసం మానేయండి, జబ్బును పెంచేదే అది’ అని ఒకరు. ‘పొద్దున్నే గోధుమ గడ్డి రసం తాగిస్తే కీమో అక్కర్లేదు’ అని ఇంకొకరు. ఈలోగా వాట్సాప్‌లో ఓ వీడియో వస్తుంది: ఫలానా ఆకు కషాయం తాగితే నలభై రోజుల్లో క్యాన్సర్ మాయం! డాక్టరేమో ఓపీ రద్దీలో ‘అన్నీ తినొచ్చు’ అని ఒక్క మాటతో సరిపెడతారు. ఏది నమ్మాలో తేల్చుకునే భారమంతా చివరికి పొయ్యి దగ్గర నిలబడే అమ్మీ మీదో, కోడలి మీదో పడుతుంది.

ఈ సలహాలన్నీ వట్టివే అని కొట్టిపారేయలేం. కొన్ని జబ్బుల్లో కూరగాయలు, పప్పులు, ముడిధాన్యాలు నిజంగానే మేలు చేస్తాయి. దానికి పరిశోధనల ఆధారం ఉంది. అయితే గుండెకు మంచిదైన అదే ఆకుకూర, అదే కొబ్బరినీళ్లు కిడ్నీ రోగికి ప్రమాదం కావచ్చు. బరువు తగ్గడం షుగర్ రోగికి మంచిదైతే, కీమో తీసుకుంటున్న వారికి అదే దెబ్బ. కాబట్టి ‘ఏం తినాలి’ అని అడిగే ముందు ‘ఏ జబ్బు, ఏ మందు, ఏ దశ’ అని అడగాలి.

మొక్కల ఆధారిత ఆహారం అంటే?

చాలామంది అనుకునేట్టు ఇది పచ్చి ఆకులు, రసాలతో కడుపు నింపుకోవడం కాదు. పళ్లెంలో ఎక్కువ భాగం పప్పులు, శనగలు, కూరగాయలు, పండ్లు, జొన్న, రాగి, గోధుమ లాంటి ధాన్యాలు, పల్లీలు, నువ్వులు ఉండటమే. కొందరు పాలు, గుడ్లు కూడా మానేస్తారు. కొందరు పాలు, పెరుగు ఉంచుకుంటారు. ఇంకొందరు వారానికి ఒకటి రెండుసార్లు చేపో, చికెనో తింటూ మిగతా రోజులు పప్పు, కూరలతో గడుపుతారు. మూడూ ఈ కోవలోకే వస్తాయి.

మన దస్తర్ఖాన్‌కు ఇదేమీ కొత్త కాదు. ఖట్టీ దాల్, బగారా బైంగన్, మాంసం వేయని సొరకాయ దాల్చా, గోంగూర పప్పు, జొన్న రొట్టె ఎప్పటినుంచో మన ఇళ్లలో ఉన్నవే. మరోవైపు పూరీ, మిర్చి బజ్జీ, మైదా బిస్కెట్లు, కూల్‌డ్రింకు కూడా శాకాహారమే కదా! మాంసం లేనంత మాత్రాన ఆహారం ఆరోగ్యకరం అయిపోదు.

గుండె, బీపీ: ఎక్కువ ఆధారం ఉన్నది ఇక్కడే

అమెరికా వైద్యుడు డీన్ ఆర్నిష్ గుండె రక్తనాళాల్లో కొవ్వు పేరుకున్న రోగుల మీద చేసిన పరిశోధన 1990లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. కొవ్వు బాగా తక్కువగా ఉండే శాకాహారం తీసుకుంటూ, సిగరెట్ మానేసి, వ్యాయామం చేస్తూ, మానసిక ఒత్తిడి తగ్గించుకున్న వారిలో ఏడాది తర్వాత ఎక్కువమందికి రక్తనాళాల ఇరుకు కొంత తగ్గింది. మామూలు చికిత్సలోనే ఉన్న వారిలో ఎక్కువమందికి అది పెరిగింది. ఆ పరిశోధనలో పాల్గొన్నది 50 మంది లోపే. పైగా వాళ్లు మార్చుకున్నది తిండి ఒక్కటే కాదు, మొత్తం జీవన విధానం. కూరగాయలు తిన్నారు కాబట్టే తగ్గిందని చెప్పేయడం కుదరదు.

బీపీ విషయంలో 1997లో వెలువడిన ‘డ్యాష్’ ఆహార పరిశోధన ఇంకా పెద్దది. పండ్లు, కూరగాయలు, కొవ్వు తీసిన పాల పదార్థాలు ఎక్కువగా తీసుకున్న వారిలో, అంతకుముందే బీపీ ఉన్నవారికి పై అంకె సగటున 11 పాయింట్లు తగ్గింది. అదీ ఎనిమిది వారాల్లోనే. డ్యాష్ పూర్తి శాకాహారం కాదు. చేప, చికెన్ కొద్దిగా ఉంటాయి.

ఇక్కడే ఓ పొరపాటు జరుగుతుంది. తిండి మార్చాక బీపీ 120కి రాగానే ‘ఇక మాత్ర ఎందుకు’ అని కొందరు ఆపేస్తారు. ఆ 120 తిండి, మాత్ర రెండూ కలిసి తెచ్చిన అంకె. స్టెంట్ వేయించుకున్నవారు రక్తం పలచబడే మాత్రలు సొంతంగా ఆపితే స్టెంట్‌లో గడ్డ కట్టి ప్రాణం మీదికి వస్తుంది. మందు తగ్గించొచ్చు. ఎప్పుడు, ఎంత అన్నది మాత్రం డాక్టరే చెప్పాలి.

క్యాన్సర్: ఆశ ఎక్కడ, మోసం ఎక్కడ

ముందు నిజం సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో సాసేజ్, సలామీ లాంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. అలాంటి మాంసం రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు దాదాపు 18 శాతం పెరుగుతుందని తేల్చింది. మటన్, బీఫ్ లాంటి ఎర్ర మాంసాన్ని ‘బహుశా కారకం’ అన్న తరగతిలో పెట్టింది. అంటే జబ్బు రాకుండా చూసుకోవడంలో పప్పులు, కూరగాయల వైపు మొగ్గడం మంచిదే.

కానీ రాకుండా కాపాడేది, వచ్చాక తగ్గించేది ఒకటే కావాలని లేదు. ప్రోస్టేట్ క్యాన్సర్ విషయంలో ఇది తేటగా కనిపించింది. 2005లో ఆర్నిష్ బృందం 93 మందిపై చేసిన చిన్న పరిశోధనలో శాకాహారం, జీవనశైలి మార్పులతో రక్తంలోని పీఎస్ఏ స్థాయి కొద్దిగా తగ్గింది. ఆశ పుట్టింది. తర్వాత అమెరికాలోనే 478 మందితో ఇంకా పెద్ద పరిశోధన జరిగింది. రోజూ కూరగాయలు బాగా పెంచి తినిపించారు, రెండేళ్లు గమనించారు. 2020లో వచ్చిన ఫలితం ఏమంటే, కూరగాయలు పెంచిన వారిలోనూ, మామూలుగా తిన్నవారిలోనూ క్యాన్సర్ ముదిరిన తీరులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ రెండు పరిశోధనల్లో ఉన్నవాళ్లూ తొలిదశ జబ్బుతో, వెంటనే ఆపరేషన్ అక్కర్లేక డాక్టర్ల పరిశీలనలో ఉన్నవాళ్లే. చాలా ఇతర క్యాన్సర్లకు ఆ వెసులుబాటు ఉండదు.

చికిత్స మానేసి వేరే దారి పట్టినవారి సంగతి? అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు 2018లో దీన్ని లెక్కగట్టారు. ఒంటినిండా పాకని దశలో ఉన్న రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తులు, పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో ఆస్పత్రి వైద్యం వదిలేసి ప్రత్యామ్నాయ పద్ధతులే నమ్ముకున్నవారికి చనిపోయే ముప్పు రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. రొమ్ము క్యాన్సర్‌లో ఐదు రెట్లు దాటింది. అదే బృందం అదే ఏడాది, ఆస్పత్రి వైద్యంతో పాటు మూలికలూ ప్రత్యేక ఆహారాలూ వాడినవారిని కూడా పరిశీలించింది. వారిలోనూ మరణాలు ఎక్కువే. కారణం వెతికితే, వారిలో ఎక్కువమంది ఆపరేషన్‌నో, కీమోనో, రేడియేషన్‌నో మధ్యలో వద్దన్నారు. ఆ తేడాను లెక్కలోంచి తీసేస్తే రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. అంటే ఎక్కువ ప్రాణాలు తీసింది ఆకు కాదు, ఆకును నమ్మి వదిలేసిన చికిత్స.

యాపిల్ కంపెనీ స్థాపకుడు స్టీవ్ జాబ్స్ కథ ప్రపంచానికంతా తెలుసు. 2003 అక్టోబరులో ఆయనకు క్లోమంలో కణితి కనిపించింది. క్లోమం క్యాన్సర్లలో అది అరుదైన రకం, మెల్లగా పెరిగేది. ఆపరేషన్ చేయించుకోకుండా ఆయన దాదాపు తొమ్మిది నెలలు శాకాహారం, పండ్ల రసాలు, ఇతర పద్ధతులతో గడిపారు. 2004 జూలైలో ఆపరేషన్ జరిగింది. 2011 అక్టోబరు 5న చనిపోయారు. ముందే కోయించుకుంటే బతికేవారని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కానీ డబ్బుకూ డాక్టర్లకూ కొదవలేని మనిషికి కూడా పోయిన తొమ్మిది నెలలు తిరిగి రాలేదు.

‘విటమిన్ బి17’ పేరుతో అమ్మే ఖుబానీ గింజల పప్పు మరో మోసం. అది విటమినే కాదు. చేదు ఖుబానీ పప్పులో ఉండే పదార్థం కడుపులో సైనైడ్‌గా మారుతుంది. అమెరికాలో 178 మంది క్యాన్సర్ రోగులకు ఆ పదార్థంతో చేసిన మందు ఇచ్చి చూశారు. 1982లో ఫలితం వచ్చింది. ఎవరికీ జబ్బు నయం కాలేదు. కొందరి రక్తంలో సైనైడ్ విషస్థాయికి దగ్గరగా చేరింది. ఖుబానీ కా మీఠా తినడానికి భయం అక్కర్లేదు. చేదు పప్పును మందులా గుప్పెళ్లతో మింగితేనే ముప్పు.

కీమో రోజుల్లో అసలు శత్రువు: బరువు తగ్గడం

క్యాన్సర్ రోగికి మాంసం, గుడ్డు, పాలు అన్నీ ఒకేసారి ఆపేసి పండ్ల రసం, గంజి, పలచటి పప్పునీళ్లతో నెట్టుకొచ్చే ఇళ్లు చాలా ఉన్నాయి. ప్రేమతో చేసే పనే. కానీ దానివల్ల కండ కరిగిపోతుంది. ఒళ్లు నీరసిస్తే డాక్టర్లు కీమో మోతాదు తగ్గించాల్సో, వాయిదా వేయాల్సో వస్తుంది. గాయం మానదు, ఇన్ఫెక్షన్లు త్వరగా పట్టుకుంటాయి.

ఐరోపా పోషకాహార నిపుణుల సంఘం సూచన ప్రకారం క్యాన్సర్ రోగికి కిలో శరీర బరువుకు రోజుకు 1 గ్రాముకు పైగా, వీలైతే 1.5 గ్రాముల వరకు ప్రోటీన్ కావాలి. 55 కిలోల మనిషికి 55 నుంచి 82 గ్రాములు. గ్లాసు పండ్లరసంలో ఒకటి రెండు గ్రాములు కూడా ఉండదు.

మొక్కల ఆహారంతో ఇంత ప్రోటీన్ వస్తుందా? వస్తుంది, లెక్కగా పెడితే. ఒక రోజు ఉదాహరణ చూడండి:

– రోజంతా కలిపి 90 గ్రాముల పప్పు లేదా శనగలు (వండక ముందు తూకం): సుమారు 20 గ్రాములు
– 30 గ్రాముల మీల్‌మేకర్: సుమారు 15 గ్రాములు
– గుప్పెడు పల్లీలు, పొడి చేసో, చట్నీగానో: 7 గ్రాములు
– అన్నం, రొట్టె కలిపి 200 గ్రాముల ధాన్యం: సుమారు 16 గ్రాములు
– పాలు, పెరుగు కలిపి 400 మిల్లీలీటర్లు: సుమారు 13 గ్రాములు

మొత్తం 70 గ్రాములు దాటింది. మీల్‌మేకర్ నచ్చకపోతే రెండు గుడ్లు పెడితే 12 గ్రాములు వస్తాయి. రోగి చికెన్ సూపో, మెత్తటి చేపో ఇష్టంగా తినగలిగితే ఆపాల్సిన పనిలేదు. వేల రూపాయల డబ్బా పౌడరు కొనే ముందు ఈ లెక్కను ఆస్పత్రి డైటీషియన్‌కు చూపించి అడగండి.

నోరు పూసి, రుచి చచ్చిపోయిన రోజుల్లో మెత్తటి వంటలు పనికొస్తాయి. గోధుమ, బార్లీ, పప్పులు కలిపి కారం తగ్గించి చేసిన హలీం, ఖిచ్డీలో పెరుగు, పాలతో ఉడికించిన బార్లీ జావ లాంటివి. ఈ జావనే తల్బీనా అంటారు. రోగులకు, ఆప్తులను పోగొట్టుకున్నవారికి తల్బీనా చేసి పెట్టమని హజ్రత్ ఆయిషా (ర) చెప్పేవారని హదీసు గ్రంథాల్లో ఉంది. షుగర్ ఉన్నవారికైతే అందులో తేనె వేయకుండా చేయాలి.

కీమో తర్వాత తెల్లకణాలు పడిపోతాయి. ఆ రోజుల్లో రోడ్డు పక్క జ్యూసు, కోసి పెట్టిన పండ్లు, కడగని కొత్తిమీర, పుదీనా వద్దు. ఇంట్లోనే బాగా కడిగి, తొక్క తీసి, వేడిగా వండి పెట్టాలి.

షుగర్: తిండి మారితే మోతాదూ మారాలి

తెల్లన్నం తగ్గించి పప్పులు, కూరగాయలు పెంచితే షుగర్ అదుపులోకి వస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన సూచనలు కూడా రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించొద్దనే చెబుతున్నాయి. మన పళ్లెంలో అన్నం అంతకంటే ఎక్కువే ఉంటుంది.

ప్రమాదం ఎక్కడంటే, ఇన్సులిన్ లేదా షుగర్‌ను గట్టిగా దించే మాత్రలు పాత మోతాదులోనే వేసుకుంటూ తిండి ఒక్కసారిగా తగ్గించడం. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే షుగర్ పడిపోయిందేమో వెంటనే చూడాలి. ఇంకో సంగతి: విటమిన్ బి12 సహజంగా దొరికేది జంతు సంబంధ ఆహారంలోనే. మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గొచ్చు. మాత్ర వాడుతూ మాంసం, గుడ్లు, పాలు కూడా మానేస్తే రెండువైపులా లోటే. అరికాళ్ల తిమ్మిరిని షుగర్ వల్లే అని వదిలేయకుండా బి12 పరీక్ష చేయించుకోవాలి.

కిడ్నీ: ఇక్కడ ‘సహజం’ అన్న మాట చెల్లదు

కిడ్నీలు దెబ్బతింటే పొటాషియం బయటికి పోదు. రక్తంలో పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. అరటిపండు, ఖర్జూరం, టమాటా, బంగాళదుంప, ఆకుకూరల రసం, కొబ్బరినీళ్లు అన్నింటిలోనూ పొటాషియం ఎక్కువే. శ్రీకాకుళం ఉద్దానంలో ఒకవైపు కొబ్బరి తోటలు, మరోవైపు కిడ్నీ రోగులు. అక్కడ చెట్టు నుంచి దించిన బోండాం కూడా డాక్టర్ని అడిగే తాగాలి.

కూరగాయలను చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం కొంత తగ్గుతుంది. బీపీకి మంచిదని అమ్మే ‘తక్కువ సోడియం ఉప్పు’లో పొటాషియం కలిపి ఉంటుంది. కిడ్నీ రోగులు దాని జోలికి పోవద్దు. నక్షత్రం ఆకారంలో ఉండే స్టార్ ఫ్రూట్ వీరికి విషంతో సమానం. ప్రోటీన్ లెక్క కూడా దశను బట్టి మారుతుంది. డయాలసిస్‌కు ముందు డాక్టర్లు తగ్గించమంటారు, మొదలయ్యాక పెంచమంటారు. పక్కింటి కిడ్నీ రోగి డైట్ చార్టు మీ ఇంటికి పనికిరాదు.

మందుతో గొడవపడే ఆకులు, పండ్లు

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, అసిట్రోమ్ లాంటి మాత్రలు వాడేవారికి ఆకుకూరల్లోని విటమిన్ కె అడ్డు తగులుతుంది. అలాగని మానేయనక్కర్లేదు. వారం వారం దాదాపు ఒకే మోతాదులో తినాలి. ఒక వారం అసలు లేకుండా, ఇంకో వారం రోజూ పాలకూర తింటేనే రక్త పరీక్ష అంకెలు తలకిందులవుతాయి.

గ్రేప్‌ఫ్రూట్, దాని జాతికే చెందిన పంపర పనస కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలను, అవయవ మార్పిడి తర్వాత వాడే మందులను, కొన్ని క్యాన్సర్ మాత్రలను రక్తంలో మోతాదుకు మించి పెంచుతాయి. కూరలో పసుపు మంచిదే. పసుపు సారంతో చేసిన క్యాప్సూల్స్ వేరు. తిప్పతీగ కషాయం రోజూ తాగినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను మన దేశ వైద్యులే నమోదు చేశారు. కలోంజీకి మన ఇళ్లలో ఎంతో గౌరవం ఉంది. వంటలో చిటికెడు వేసుకోండి. నూనెగా, క్యాప్సూల్‌గా తీసుకునేట్టయితే అది షుగర్‌నూ బీపీనీ దించగలదు కాబట్టి డాక్టరుకు చెప్పే తీసుకోండి.

రంజాన్, బక్రీద్ వచ్చినప్పుడు

రోగికి ఉపవాసం నుంచి ఖుర్ఆన్‌లోనే మినహాయింపు ఉంది. కోలుకున్నాక ఆ రోజులు పూర్తి చేయొచ్చు. కోలుకునే ఆశ లేని దీర్ఘరోగానికి ఫిద్యా ఉంది. కీమో, డయాలసిస్, ఇన్సులిన్ మీద ఉన్నవారు రంజాన్‌కు నెల ముందే డాక్టర్నీ, ఆలిమ్‌నూ ఇద్దర్నీ అడగాలి. షుగర్ రోగి రోజా ఉంటే, రీడింగ్ 70 కంటే పడినా, 300 దాటినా రోజా విరమించాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. కిడ్నీ రోగి ఇఫ్తార్‌లో ఎన్ని ఖర్జూరాలు తినొచ్చో ముందే తెలుసుకోవాలి.

బక్రీద్ నాడు గుండె రోగి కొవ్వు తీసిన రెండు ముక్కలతో ఆగాలి. కీమోతో చిక్కిపోయిన మనిషి మాత్రం రెండు మెత్తటి ముక్కలు నోట్లో పెట్టుకుంటే ఇంట్లోవాళ్లు కంగారుపడి లాక్కోవద్దు. ఆ రోజు వారికి కావలసిన ప్రోటీన్, ఐరన్ అందులోనే ఉన్నాయి.

డాక్టర్ని అడగాల్సినవి

ఓపీకి వెళ్లేటప్పుడు రోగి తాగే కషాయాలు, రసాలు, పొడుల పేర్లన్నీ కాగితం మీద రాసుకెళ్లండి. తిడతారని దాచొద్దు. ఈ ఐదు అడగండి:

– ఈ జబ్బులో ప్రోటీన్ పెంచాలా, తగ్గించాలా?
– పొటాషియం, ఉప్పు, నీళ్లకు హద్దు ఉందా?
– ఈ మందులతో పడని పండ్లు, కూరలు, మూలికలు ఏవి?
– బరువు ఎంత తగ్గితే వెంటనే చెప్పాలి?
– తిండి మార్చాక ఏ పరీక్ష, ఎన్నాళ్లకు చేయించాలి?

ఇంట్లో తూకం ఉంటే వారానికోసారి బరువు చూసి రాసిపెట్టండి. నెల తిరిగేలోపు రెండు మూడు కిలోలు అనుకోకుండా తగ్గితే వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు.

జబ్బు చేస్తే వైద్యం చేయించుకోవాలా అని అడిగినవారికి చేయించుకోమనే ప్రవక్త ముహమ్మద్ (స) చెప్పారు. దువా చేస్తూ, మందు వేసుకుంటూ, పళ్లెంలో మంచి తిండి పెట్టుకోవడంలో ఒకదానికొకటి అడ్డేమీ లేదు. వంటగదిలో మార్పు రేపు పొద్దున్నే మొదలుపెట్టొచ్చు. కానీ ఆపరేషన్ తేదీని, కీమో తేదీని మాత్రం ఏ ఆకు కోసమూ వాయిదా వేయొద్దు.